అమ్మాయి పాడుతుందా?

కాఫీలు అయ్యాయి. స్వీటూ హాటూ అయ్యాయి. అమ్మాయి ఎంతవరకు చదివింది, వంట వచ్చా, కుట్లూ అల్లికలూ వచ్చా... అవీ అయ్యాయి. అప్పుడు పెద్దవాళ్లలో ఎవరో ఒకరు గొంతు సవరించుకుని, 'అమ్మాయి పాడుతుందా?' అని అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్న కోసం మా ఇంట్లో వారం రోజులుగా రిహార్సల్సు జరిగాయంటే నమ్ముతారా?

అది 1981. తణుకులో మా పెంకుటిల్లు. చాప మీద మా అక్క, తలుపు చాటున నేను. అక్కకి ఇరవై, నాకు పధ్నాలుగు. అక్క ఏ పాట పాడాలన్నది మా ఇంట్లో ఎంత పెద్ద చర్చో! త్యాగరాజ కీర్తన పాడితే, వచ్చినవాళ్లలో సంగీతం తెలిసినవాళ్లుంటే తప్పులు పట్టుకుంటారని అమ్మ భయం. సినిమా పాట పాడితే, 'ఈ పిల్ల సినిమాలు తెగ చూస్తుందేమో' అనుకుంటారని నానమ్మ భయం. మరీ భక్తిపాటైతే భజనకు వచ్చినట్టుంటుందని నాన్న. చివరికి ముగ్గురూ ఒప్పుకున్న దారి ఒకటి దొరికింది. అదే 'శంకరాభరణం'.

ఎనభైల నాటి పాటలంటే అందరూ సినిమాల పేర్లు చెబుతారు, హీరోల పేర్లు చెబుతారు. నాకు మాత్రం ఆ చాప గుర్తొస్తుంది. ఆ పదేళ్లలో మన ఇళ్లలోకి ఎన్ని రకాల పాటలు వచ్చాయి! సినిమా పాట, లలితగీతం, అన్నమయ్య సంకీర్తన, జానపదం, ఉద్యమగీతం, డిస్కో... అన్నీ ఆడవాళ్లకి నోటికొచ్చు. కానీ ఏది ఎక్కడ పాడాలి, ఎంత గట్టిగా పాడాలి, అసలు పాడొచ్చా లేదా అన్నది మాత్రం వేరేవాళ్ల చేతుల్లో ఉండేది.

శంకరాభరణం చేసిన ఉపకారం

1980 ఫిబ్రవరి 2న విడుదలైందా సినిమా. హీరో వయసు మళ్లిన సంగీత విద్వాంసుడు. ఫైట్లు లేవు. మొదట్లో జనం పలచగానే ఉన్నారు. తర్వాత చూడాలి, బళ్లు కట్టుకుని వచ్చారు! 1979 సంవత్సరపు జాతీయ అవార్డుల్లో సంగీతానికి కె.వి.మహదేవన్‌కీ, పాడినందుకు బాలుకీ, వాణీజయరాంకీ అవార్డులు వచ్చాయి. జనాదరణ పొందిన ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం కూడా దక్కింది.

ఇవన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది ఇంకోటి. అప్పటిదాకా ఆడపిల్ల పాటల్లో రెండు పెట్టెలుండేవి. ఒకటి టీచరుగారి దగ్గర నేర్చుకునే 'సంగీతం', రెండోది చాటుగా కూనిరాగం తీసే 'సినిమా పాట'. ఒక పెట్టెలోది ఇంకో పెట్టెలో పెడితే తిట్లే. శంకరాభరణం వచ్చాక ఆ రెండు పెట్టెలూ కలిసిపోయాయి. సినిమా పాటే పెద్దల ముందు తలెత్తుకుని పాడగలిగేదైంది. మా వీధిలో సంగీతం టీచరుగారి గుమ్మంలో చెప్పుల జతలు మూడు నుంచి పదిహేనుకు పెరిగాయి. సంగీతం మీద ప్రేమ ఎంతో, పెళ్లిచూపుల మీద ఆశ ఎంతో ఆ చెప్పులకే తెలియాలి!

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ పాటలకు అక్షరాలిచ్చిన వేటూరి, బాణీలిచ్చిన మహదేవన్... ఇద్దరూ మూడేళ్ల ముందు 1977లో 'అడవిరాముడు' పాటలు చేసినవాళ్లే. ఏ పాటలు వినిపిస్తే నానమ్మ రేడియో కట్టేసేదో, ఆ పాటలు చేసిన చేతులే ఇవీ చేశాయి. ఈ సంగతి మేము నానమ్మకు ఎప్పుడూ చెప్పలేదు.

అక్క పాడింది. గొంతు మొదట వణికినా చరణంలో కుదురుకుంది. బావగారు తలెత్తి చూసింది అప్పుడేట. 'పాట వినే ఒప్పుకున్నాను' అని ఈనాటికీ ఎవరింటికెళ్లినా గొప్పగా చెబుతుంటారు. కాని పెళ్లయి అత్తారింటికి వెళ్లిన నెల రోజులకే అత్తగారు మెత్తగా చెప్పారట, 'పెళ్లయ్యాక పాటలేమిటమ్మా, నలుగురూ వింటే బాగుండదు' అని. శుక్రవారం మంగళహారతికి మాత్రం మినహాయింపు. తర్వాత పిల్లలు పుట్టాక జోలపాటలకూ అనుమతి దొరికింది.

రేడియో మాది, టూ ఇన్ వన్ వాళ్లది

మా ఇంట్లో వంటింటి గూట్లో మర్ఫీ రేడియో ఉండేది. ముందు గదిలో అన్నయ్య టూ ఇన్ వన్ ఉండేది. రేడియో అమ్మదీ, నాదీ. టూ ఇన్ వన్ మీద చెయ్యి వేస్తే అన్నయ్య వేళ్లు విరిచేస్తానన్నంత పని చేసేవాడు. మీ ఇంట్లోనూ ఇంతేనా? చాలా ఇళ్లలో ఇంతేనని తర్వాత తెలిసింది.

తెల్లారితే విజయవాడ కేంద్రం భక్తిరంజని. పాలు కాస్తూ, ముగ్గు పెడుతూ, పిల్లల జడలు అల్లుతూ ఆ పాటలు విన్నవాళ్లే మనమంతా. శ్రీరంగం గోపాలరత్నంగారి గొంతు వినగానే ఇవాళ్టికీ నాకు పొంగిన పాల వాసన వస్తుంది. భక్తిరంజనికి ఆ రూపం రావడం వెనుక ఉన్న బాలాంత్రపు రజనీకాంతరావుగారు 2018లో పోయినప్పుడు, ఎంతమంది ఇల్లాళ్ల పొద్దుటి పూటలు ఆయనకు రుణపడ్డాయో అనుకున్నాను.

ఇక 'ఈ మాసపు పాట'. ఒక లలితగీతాన్ని నెలంతా వినిపిస్తుంటే, నెలాఖరుకి అది నోటికి వచ్చేసేది. టీచరుకు ఫీజు కట్టలేని ఇళ్లలో ఆడపిల్లలకి అదే సంగీతం క్లాసు. అమ్మ ఆ పాటలన్నీ ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకంలో రాసుకునేది. రేడియోలో మొదటిసారి విన్నప్పుడు పల్లవి, రెండోసారి మొదటి చరణం, కూర మాడితే ఆ చరణం ఖాళీ! ఆ ఖాళీ జాగాలో చుక్కలు పెట్టి ఉంచేది, మళ్లీ వచ్చినప్పుడు పూరించడానికి. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. రెండు మూడు పాటల్లో ఆ చుక్కలు అలాగే ఉండిపోయాయి.

కోరిన పాటలకు ఉత్తరాలు రాసేదాన్ని. పదిహేను పైసల కార్డు. అయితే నా పేరు రేడియోలో వినిపిస్తే 'ఆడపిల్ల పేరు ఊరంతా వినాలా' అంటారని అన్నయ్య పేరుతో రాసేదాన్ని. ఒకసారి నిజంగానే చదివారు. ఊళ్లో అందరూ అన్నయ్యని మెచ్చుకున్నారు, 'ఎంత మంచి పాట అడిగావురా' అని. వాడు కాలరెగరేసుకు తిరిగాడు. పాట నాది, పేరు వాడిది!

గొంతు పోయిన కవి, గొంతున్న భార్య

1982లో 'మేఘసందేశం' వచ్చింది. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి గీతాలు ఎంత కాలం తర్వాత తెరకెక్కాయో చూడండి. 'కృష్ణపక్షం' 1925 నాటిది. అందులోని గీతాన్ని 57 ఏళ్ల తర్వాత రమేష్ నాయుడు బాణీలో రిక్షా అబ్బాయి దగ్గర్నుంచి కలెక్టరు భార్య దాకా పాడుకున్నారు. 1960ల్లో జబ్బు చేసి కృష్ణశాస్త్రిగారి గొంతు పోయింది. మాట్లాడాలంటే కాగితమ్మీద రాసి చూపించాల్సిందే. అయినా పాటలు రాస్తూనే ఉన్నారు. 1980లో కన్నుమూశారు. ఈ సినిమా పాటలు ఇంటింటా మోగడం ఆయన వినలేదు. రమేష్ నాయుడికీ, ఏసుదాసుకీ, సుశీలకీ ముగ్గురికీ జాతీయ అవార్డులు వచ్చాయి.

పాటలు ఎంత హాయిగా ఉన్నా కథ దగ్గర మా అమ్మకు మనసొప్పలేదు. హాల్లోంచి వస్తూ, 'బాగుంది వరస! పాట జయప్రద ఇంట్లో, పిల్లలూ సంసారమూ జయసుధ ఇంట్లో. ఆ పాట ఏదో ఆవిడే పాడితే ఈయనకేం పోయేదట?' అంది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ మాట అనే ముందు అమ్మ అక్క గురించే ఆలోచిస్తోందని తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

తర్వాత 1984లో 'సితార'. గడప దాటనివ్వని కోటలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల కథ. ఇళయరాజా బాణీలో గోదారి మీద వేటూరి రాసిన పాటకి జానకిగారికి జాతీయ అవార్డు వచ్చింది. జానకిగారిది రేపల్లె ప్రాంతం, సుశీలగారిది విజయనగరం. ఒకరు చంటిపిల్లలా, ముసలమ్మలా, పల్లెపడుచులా ఎలా కావాలంటే అలా గొంతు మార్చేస్తారు. ఇంకొకరి నోట ప్రతి అక్షరం కడిగిన ముత్యం. 'జానకా, సుశీలా' అని మా ఇంట్లో భోజనాల దగ్గర జరిగిన వాదనలు ఇప్పటికీ తేలలేదు. నన్నడిగితే... వద్దులెండి, సగం మందికి కోపం వస్తుంది.

అన్నమయ్య తెరిచిన తలుపు

అక్క నోటికి మళ్లీ పాట ఎలా వచ్చిందో చెప్పాలి. దశకం మొదట్లోనే తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో ఎం.ఎస్.సుబ్బులక్ష్మిగారు పాడిన 'బాలాజీ పంచరత్నమాల' వచ్చింది. ఆ రికార్డులు, తర్వాత కేసెట్లు ఇల్లిల్లూ చేరాయి. అంతకుముందు అన్నమయ్య పాటలు మనకు తెలిసినవి కొన్నే. వందల ఏళ్లు తిరుమల గుడిలో సంకీర్తన భాండారం గదిలో రాగిరేకుల మీద ఉండిపోయిన పాటలవి. 1922లో అవి వెలుగు చూశాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటి మీద పనిచేశారు. కాని మనలాంటి ఇల్లాళ్ల వంటింట్లోకి వాటిని తెచ్చింది కేసెట్టే. ఆ పని ఏ గ్రంథమూ చేయలేదని నా అభిప్రాయం.

అక్క అత్తగారికి అన్నమయ్య అంటే ప్రాణం. 'అమ్మాయ్, ఆ కేసెట్టులో పాట నేర్చుకో, శనివారం భజనలో పాడుదువు' అన్నారట. నాలుగేళ్ల తర్వాత! అక్క ఒక్కో పాటా ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని నేర్చుకుంది. టేపు బయటికి వచ్చి చిక్కుపడితే పెన్సిలు పెట్టి తిప్పేది. ఏడాదిలో వీధిలో పదిమంది ఆడవాళ్లు అక్క దగ్గర నేర్చుకోవడానికి రావడం మొదలుపెట్టారు. ఇక్కడో చిన్న రహస్యం. అన్నమయ్య పాటల్లో ఎక్కువ భాగం శృంగార సంకీర్తనలు. వాటి అర్థం విడమరిచి చెబితే సినిమా పాటలు సిగ్గుపడాలి! అత్తగారు కళ్లు మూసుకుని తాళం వేస్తూ వింటుంటే, అక్క నవ్వు ఆపుకోలేక అవస్థ పడేది. అన్నట్టు, తొలి తెలుగు కవయిత్రిగా చెప్పుకునే తాళ్లపాక తిమ్మక్క ఆ అన్నమయ్య భార్యే. భర్త పాటలకి వచ్చినంత పేరు ఆవిడ 'సుభద్రా కల్యాణం'కి వచ్చిందా మరి?

కేసెట్టు అంటే ఇంకోటి చెప్పాలి. మా పక్కింటి పిన్నిగారి భర్త దుబాయ్‌లో ఉండేవారు. ఆవిడకి చదవడం వచ్చుగాని రాయడం తక్కువ. అందుకని కేసెట్టులో మాటలు రికార్డు చేసి, ఊరికి వచ్చి వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. ఖాళీ కేసెట్టు కొనడమెందుకని పాత పాటల కేసెట్టు మీదే మాట్లాడేవారు. 'పిల్లాడికి జ్వరం తగ్గింది, చిట్టీ డబ్బు కట్టాను, మీరు వేళకి తినండి' అని ఆవిడ మాటలు ఆగగానే, కింద మిగిలిన పాట సగం చరణంలోంచి అందుకునేది. ఆయన అక్కడ మాటలు అయిపోయాక ఆ పాట కూడా చివరిదాకా వినేవారట. ఏం పాట ఉందో పిన్నిగారు ముందే చూసుకుని పంపేవారని మా అమ్మ అనుమానం!

హాస్టల్లో ఎవరూ అడగలేదు

1984లో నన్ను డిగ్రీకి హైదరాబాద్ పంపారు. హాస్టల్లో నా రూమ్మేటుది కరీంనగర్ వైపు పల్లె. మొదటి బతుకమ్మ పండక్కి నన్ను వాళ్లింటికి తీసుకెళ్లింది. తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేర్చి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు చరుస్తూ ఒకావిడ అందుకుంటే మిగతా అందరూ పల్లవి పాడతారు. ఏడేళ్ల పిల్లా, డెబ్భై ఏళ్ల అవ్వా ఒకటే వరస. శ్రుతి కలవనివాళ్లూ ఉన్నారు, వాళ్లని ఎవరూ పక్కకి తప్పించలేదు. నేను బెరుగ్గా నిలబడితే రూమ్మేటు అమ్మగారు, 'గట్లనే నిలబడ్డవేంది బిడ్డా, రా, నువ్వు గూడ పాడు' అన్నారు. 'పాడుతుందా?' అని అడగలేదు. అప్పటిదాకా పాటంటే పరీక్ష అనుకున్నదాన్ని నేను.

ఆ అమ్మాయే నాకు 'మా భూమి' పాటలు వినిపించింది. 1979-80 నాటి ఆ సినిమాకి సంగీతం కూర్చినవారిలో వింజమూరి సీతగారు ఉన్నారు. ఆవిడా, అక్క అనసూయగారూ కలిసి ఊళ్ల పాటల్ని వేదికల మీదికి తెచ్చిన సంగతి పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. కృష్ణశాస్త్రిగారికి మేనకోడళ్లు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటని ఆ సినిమాలో గద్దర్ పాడారు. మా ఇంట్లో అలాంటి పాట ఎప్పుడూ వినలేదు. హాస్టల్ టెర్రస్ మీద ఆమె అది పాడుతుంటే వార్డెన్ కూడా మెట్ల మీద ఆగిపోయేది.

1985లో 'ప్రతిఘటన' చూడ్డానికి హాస్టల్ నుంచి పాతిక మందిమి వెళ్లాం. బోర్డు మీద విద్యార్థులు అసభ్యంగా బొమ్మ వేస్తే లెక్చరర్ విజయశాంతి పాడే పాట మీకు గుర్తుంది కదూ! వేటూరికి నంది అవార్డు తెచ్చిన పాట. జానకిగారి గొంతులో ఆ రోజు లాలిత్యం లేదు, కోపం ఉంది, ఏడుపూ ఉంది. హాల్లో ఈలలు వేయడానికి వచ్చిన కుర్రాళ్లు కిక్కురుమనలేదు. బస్సులో తిరిగి వస్తూ మాలో ఎవరూ మాట్లాడలేదు. సిటీ బస్సుల్లో మాకు రోజూ జరిగేది తెర మీద ఎవరో మొదటిసారి పాటగా చెప్పినట్టనిపించింది.

అలాగని మేమంతా ఉద్యమగీతాలే పాడుకున్నామనుకోకండి. బాత్‌రూముల్లో మోగేవి 'ఖైదీ' పాటలూ, నాజియా హసన్ డిస్కో పాటలూ! 1987లో 'పసివాడి ప్రాణం' వచ్చాక బ్రేక్ డాన్సు ప్రయత్నించి మాలో ఒకమ్మాయి మోకాలు బెణికించుకుంది. ఆ పాటల్లో కొన్నింటి మాటలు ఇప్పుడు వింటే ఇబ్బందిగా ఉంటుంది. అప్పుడు మాటలు పట్టించుకోలేదు, దరువు పట్టుకున్నాం. పెళ్లిచూపుల్లో పాడడానికి పనికిరాని పాటలవి, అందుకే అంత ఇష్టమేమో!

శుక్రవారం సాయంత్రం దూరదర్శన్లో చిత్రలహరి కోసం పక్కింట్లో చేరడాలూ, 'సిరివెన్నెల'లో చౌరాసియా వేణువూ, 1989లో 'గీతాంజలి' కేసెట్టు అరిగిపోవడమూ చెప్పుకుంటూ పోతే ఈ పేజీ చాలదు. ఆ ఏడాదే నాకూ పెళ్లిచూపులు. 'అమ్మాయి పాడుతుందా?' అని అడిగారు. 'పాడతాను, మీ అబ్బాయి కూడా పాడితే' అన్నాను. మా నాన్న మొహం చూడాలి! ఆ సంబంధం తప్పిపోయింది. తర్వాతి సంబంధంలో ఆయన నిజంగానే పాడారు. శ్రుతి లేదు. పెళ్లయింది.

2023 ఫిబ్రవరి 2న విశ్వనాథ్‌గారు వెళ్లిపోయారు. శంకరాభరణం విడుదలైన రోజే. రెండు రోజులకి వాణీజయరాం. అంతకు రెండున్నరేళ్ల ముందే బాలు. వాణీజయరాం వార్త విన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. ఏమీ మాట్లాడలేదు. చాప మీద కూర్చుని పాడిన ఆ పాటే మొదలుపెట్టింది. నలభై రెండేళ్ల తర్వాత. గొంతు కిందికి దిగింది, ఊపిరి అందడం లేదు, చరణం దగ్గర మాత్రం అలాగే కుదురుకుంది. అయ్యాక, 'ఈయన పాట విని ఒప్పుకున్నారు కదే, మళ్లీ ఒక్కసారి కూడా పాడమని అడగలేదు తెలుసా' అంది. కోపంగా కాదు, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు.

నేను చేసిందల్లా, సంక్రాంతికి వెళ్లినప్పుడు అక్క సెల్‌ఫోన్లో పాటలు పాడుకునే యాప్ ఒకటి పెట్టి ఇవ్వడం. వెనకాల వాయిద్యాలు వాటంతటవే వస్తాయి. ఎక్కడో ఉన్నవాళ్లు మగ గొంతు పాడి ఉంచితే మనం ఆడ గొంతు పాడి కలపొచ్చు. మొదట 'నాకెందుకే ఇవన్నీ' అంది. ఇప్పుడు రాత్రి తొమ్మిదయితే గది తలుపేసుకుంటోంది. ఏం పాడుతోందనుకున్నారు? శంకరాభరణమూ కాదు, అన్నమయ్యా కాదు. చిరంజీవి డ్యూయెట్లు!

మొన్న నేను అక్కడున్న రాత్రి బావగారు టీవీ కట్టేసి, గది తలుపు దగ్గర కాసేపు నిలబడ్డారు. లోపల పల్లవి అయ్యింది.

'ఎవరితోనే ఆ పాట?' అన్నారు మెల్లగా.

'విశాఖపట్నం ఆయనెవరో. శ్రుతి బాగానే ఉంది' అంది లోపల్నుంచి అక్క. 'ఉండండి, రెండో చరణం ఇంకా ఉంది.'